గాలి కన్నాల మీద స్టిక్కర్

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవీ: పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే చిన్న షాపు, పెళ్లి మాటెత్తకుండా పూట గడవని అమ్మ, షాపు పేరు అచ్చువేయించిన వెండిరంగు స్టిక్కర్ల కట్ట. స్టిక్కర్లంటే నాకు మోజు. అమ్మకానికి పెట్టే ప్రతి మిషన్‌కీ పక్కన పెద్దది ఒకటి అంటించందే నిద్రపట్టేది కాదు.

ఒక వాన పొద్దున, నేనమ్మిన కంప్యూటర్‌కి తన రెయిన్‌కోటు తొడిగి, తాను తడిసి ముద్దయి వచ్చిందొక అమ్మాయి.

"ఇది సరిగా ఆలోచించట్లేదండీ."

"నేనమ్మింది మిషనండీ. ఆలోచించడం మీ వంతు."

ఆమె నవ్వలేదు. దానంతటదే చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాసిందట. చెస్ ఇంజన్ అంటారట దాన్ని. ఆదివారం పోటీ ఫైనల్. ఎవరి మిషన్ వాళ్లే తెచ్చుకోవాలి. గెలిస్తే ఆ పనిలోనే ఉద్యోగం, ఓడితే నాన్న చూసిపెట్టిన ఆఫీసులో కుర్చీ. ఇంట్లో పాత లాప్‌టాప్ మీద దర్జాగా గెలిచే ఇంజన్, నేను పొగిడి అమ్మిన మిషన్ మీద మాత్రం ఆట మధ్యకొచ్చేసరికి నీరసించి, టైమ్ చాలక ఓడుతోందట.

లోపం ప్రోగ్రామ్‌దే అన్నాను. మిషన్‌దే అంది. చివరికి షాపులో ఉన్న మిషన్లన్నిటి మీదా ఆడించి చూద్దామని, ఓడినవాళ్లు క్షమాపణ చెప్పాలని ఒప్పందం కుదిరింది.

బల్ల మీద వరసగా పెట్టాం. తెరల మీద గుర్రాలూ ఏనుగులూ వాటంతటవే కదులుతుంటే, అవి ఎంత వేగంగా ఎత్తులు వెతుకుతున్నాయో ఆమె చూసింది. నేను ఆమెను చూశాను. ఆ పూట వచ్చిన గిరాకీలంతా తిరిగి వెళ్లిపోయారు.

మెరిపించి పెట్టినవన్నీ కాసేపు పరిగెత్తి చతికిలబడ్డాయి. ఇంకా అమ్మకానికి సిద్ధం చేయని, దుమ్మైనా దులపని మూల మిషన్ మాత్రం చివరిదాకా జోరు తగ్గలేదు.

ఆమె ఒక మిషన్ పక్కన చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"వేడిగాలి బయటికి పోయే కన్నాల మీద స్టిక్కర్ వేయడం ఎవరి తెలివండీ?"

అన్నం క్యారియర్ తెచ్చిన అమ్మ నాకంటే ముందే అందుకుంది. "వీడికి పేరు పిచ్చమ్మా. దానికి ఊపిరాడకపోయినా సరే, వీడి పేరు కనబడాలి."

అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి. ఆ నవ్వుకి షాపు రాసిచ్చేద్దామనిపించింది. వ్యాపారిని గనక ఆగాను.

తన మిషన్ మీది స్టిక్కర్ గోటితో ఒలిచేసి మళ్లీ ఆడించింది. ఈసారి ఇంజన్ అలసిపోలేదు. క్షమాపణ చెప్పాను. ఫైనల్‌కి మిషన్ మోసుకొస్తాననీ చెప్పాను. అది ఒప్పందంలో లేదంది.

"కొసరండీ," అన్నాను.

ఆదివారం ఎదుటివాళ్లది కళ్లు చెదిరే కొత్త మిషన్. నేను మాది పెట్టిన బల్ల పక్కన నిలబడి, కన్నాల దగ్గర చెయ్యి పెట్టుకున్నాను. వెచ్చటి గాలి అరచేతికి తగులుతున్నంతసేపూ నాకు ధైర్యమే. ఆమె ఇంజన్ ఒక బంటును మెల్లగా నడిపించుకెళ్లి ఆఖరి గడిలో మంత్రిని చేసింది. ఎదుటివాళ్లు ఓటమి ఒప్పుకున్నారు. హాలంతా చప్పట్లు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, చప్పట్లు ఆగాక కూడా వదల్లేదు.

"ఇక టెస్టింగ్‌కి రకరకాల మిషన్లు కావాలి. మీ షాపులో నాకు చోటుందా?"

"ఎన్నాళ్లకండీ?"

"ఇంకా అండీ ఏంటి? ఎప్పటికీ."

బేరమాడకుండా ఒప్పుకున్నది నా జన్మలో అదొక్కటే. వాళ్ల నాన్న షాపుకొచ్చి, మిషన్లన్నీ తడిమి చూసి, చల్లగానే ఉన్నాయని అమ్మతో ముహూర్తం మాట్లాడారు.

చివరి లెక్క: పోయింది స్టిక్కర్ల కట్ట. వచ్చినవి ఒక గెలుపు, ఒక మామగారు, అమ్మ నోట కొత్త పాట, ఆమె. కట్టలో మిగిలిన ఒక్క స్టిక్కరూ ఆమే తీసి నా చొక్కా జేబు మీద అంటించింది.

"ఇక్కడ వేడిగా ఉన్నా ఫరవాలేదు," అంది.