నిద్రలేచిన వాల్ట్జ్

జిల్డౌ వానలో తడుస్తూ షాపులోకి వచ్చింది. ఒంటిమీద రెయిన్‌కోటు లేదు. అది ల్యాప్‌టాప్‌కి చుట్టి ఉంది.

"మా తాతయ్య కంప్యూటర్‌ని ఏం చేశారండీ మీరు?"

వొబ్బే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. బోల్స్‌వార్డ్ ఊళ్లో కాలవగట్టు మీద ఆ రిపేరు షాపు పెట్టాక చాలామంది కస్టమర్ల కోపం చూశాడు. ముక్కు చివర వానచుక్క వేలాడుతుండగా కోప్పడిన మనిషిని మాత్రం ఇదే చూడటం.

"శుభ్రం చేయమన్నారు, చేశాను. సిస్టమ్ మరీ పాతదని కొత్త వెర్షన్ కూడా ఎక్కించాను. ఊరికేనే!"

"మేం అడిగామా?"

అడగలేదు. వొబ్బే ల్యాప్‌టాప్‌కి చుట్టిన కోటు విప్పి, దాన్ని తెరిచాడు.

జిల్డౌ వాళ్లది వీధుల్లో మోగించే పెద్ద పాటల పెట్టెల, వీధి ఆర్గన్ల ఇల్లు. అట్టలకు చిల్లులు పొడిచి పాటల పుస్తకాలు కడతారు. చక్రం తిప్పితే ఆ చిల్లులను బట్టి ఆర్గన్ పాడుతుంది. ఏ చిల్లు ఎక్కడ పడాలో లెక్కగట్టే ప్రోగ్రాం చాలా పాతది, కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకే ల్యాప్‌టాప్ లోపలే ఇంకో పాత కంప్యూటర్‌లా నటించే వర్చువల్ మెషిన్‌లో దానికి కాపురం పెట్టించారు. ఇప్పుడు ఆ మెషిన్ తెరుచుకోవడం లేదు. 'నిద్రలో ఉన్న స్థితిని లేపలేం, చెరిపేయమంటారా?' అని మాత్రం అడుగుతోంది.

"చెరిపేస్తే సరి. మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది" అంటూ వొబ్బే మౌస్ మీద చెయ్యి వేశాడు.

ఆ చేతిమీద టప్పున ఒక దెబ్బ పడింది.

"తాతయ్య కట్టిన వాల్ట్జ్ డ్యాన్సు పాట అందులోనే ఉంది! సేవ్ చేయలేదు!"

"సేవ్ చేయకుండా ఎవరైనా పనిచేస్తారా?"

"మా ఇంట్లో అంతే. పాట వీధిలో మోగి, జనం చప్పట్లు కొట్టాకే పూర్తయినట్టు. అంతవరకు తాతయ్య సేవ్ నొక్కడు, మెషిన్ ఆపడు. అలాగే నిద్రపుచ్చి లేస్తాడు." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడాయనకి చేతులు వణుకుతున్నాయి. మళ్లీ రాయలేడు. శనివారం మా ఆర్గన్‌కి వందో పుట్టినరోజు. ఊరంతా వచ్చి ఇంటిల్లిపాదికీ శుభాకాంక్షలు చెబుతారు. ఏ ముఖం పెట్టుకుని చెప్పించుకోవాలి?"

"పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్లే దారి కూడా నేనే మూసేశాను. జాగా మిగలాలని పాత ఫైళ్లు తుడిచేశాను" అన్నాడు వొబ్బే. దాచాలనిపించలేదు.

"చాలా శుభ్రంగా చేశారు!"

అతను తలుపుకి 'మూసి ఉంది' బోర్డు తగిలించాడు. ముందు మెషిన్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్‌లోకి కాపీ చేశాడు. తర్వాత సెట్టింగ్స్ తవ్వాడు. కొత్త సిస్టమ్ తన కాపలా కోసం ప్రాసెసర్‌లోని వర్చువల్ సదుపాయాన్ని లాగేసుకుంది. కాపలా ఆపి, రీస్టార్ట్ చేశాడు. మెషిన్ కదిలింది, మళ్లీ అదే ప్రశ్న వేసింది.

"నన్ను చూసి నవ్వుతోందది" అన్నాడు నీరసంగా.

"నేనూ నవ్వేదాన్నే. ఓపిక లేదు."

వొబ్బే తల పట్టుకున్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "మెషిన్ నడిపే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది వేశాను! పాత వెర్షన్ నిద్రపుచ్చినదాన్ని కొత్తది గుర్తుపట్టడం లేదు. ఆ పాతదే దొరికితే..."

"డౌన్‌లోడ్స్‌లో చూడు. తాతయ్య ఏదీ పారేయడు."

చూడు, అంది. చూడండి కాదు. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ స్క్రీన్ వైపే చూశారు.

పాత వెర్షన్ అక్కడే ఉంది. కొత్తది తీసేసి అది వేశాడు. మెషిన్ మీద నొక్కాడు. స్క్రీన్ నల్లబడింది. జిల్డౌ అతని స్వెట్టర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నీలం తెర. దానిమీద వరసలు వరసలుగా చిల్లులు, చివర మిణుకుమంటున్న కర్సర్.

"సేవ్!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

శనివారం వాన వెలిసింది. చౌక్‌లో పూలదండలతో, చిల్లులు పొడిచిన కొత్త అట్టల పుస్తకంతో ఆర్గన్ నిలబడింది. జిల్డౌ తాతయ్య షూర్డ్ చక్రం మీద చెయ్యి వేశాడు, చక్రం దగ్గర ఆ చెయ్యి వణకలేదు. వాల్ట్జ్ ఎగిసింది. జిల్డౌ చిల్లర వేయించుకునే ఇత్తడి డబ్బాని తాళానికి ఆడిస్తుంటే సైకిళ్ల మీద పోయేవాళ్లు దిగిపోయారు, జున్ను కొట్టు ఆవిడ మొగుణ్ణి లాక్కొచ్చి మరీ అతనితో గిరగిరా ఆడింది. పాట ముగిసేసరికి చప్పట్లతో చౌక్ దద్దరిల్లింది.

"ఇప్పుడు పూర్తయింది!" అన్నాడు తాత.

శుభాకాంక్షలకు ఇంటివాళ్లు వరసగా నిలబడ్డారు. వొబ్బే వెనక్కి తగ్గబోతే తాత కాలరు పట్టి జిల్డౌ పక్కన నిలబెట్టాడు.

జున్ను కొట్టు ఆవిడ అతని చెయ్యి ఊపేసింది. "మీ ఆర్గన్‌కి వందేళ్లు, శుభాకాంక్షలు అబ్బాయ్!"

"నేను ఇంటివాణ్ణి కాదండీ..."

"కాదని నేనన్నానా?" అన్నాడు తాత.

వొబ్బే చెవులు ఎర్రబడ్డాయి. జిల్డౌ వైపు తిరిగాడు. "అడక్కుండా చేసి ఒకసారి తిట్లు తిన్నాను. అందుకే అడుగుతున్నా. నువ్వంటే నాకు ఇష్టం. రేపు పడవలో షికారుకి వస్తావా?"

"రేపేనా?" అంది జిల్డౌ. "ఆ తర్వాత?"

"ఆ తర్వాత రోజూ అడుగుతా."

"అడుగు. రోజూ వస్తాను."

రెండో పాట మొదలైంది. జిల్డౌ నవ్వు ఆపుకోలేకపోతోంది, చేతిలో డబ్బా ఇష్టమొచ్చినట్టు మోగుతోంది.

"తాళం తప్పుతోందే పిల్లా!" తాత చక్రం తిప్పుతూనే కేకేశాడు. "తప్పనీలే, ఇవాళ్టికి తప్పనీ!"