కావలివాళ్ళ గది

చుట్టుపక్కల పాత కోటలన్నిటికీ పటాలు గీయించాలని పురావస్తు శాఖవాళ్ళు తలపెడితే, ఆ పని వచ్చి సర్వేయరు నెత్తిన పడింది. ఇది పదకొండో కోట. మొదట్లో ఒక్కో రాతినీ తడిమి మురిసిపోయిన మనిషి, ఇప్పుడు బురుజు కనబడితే చాలు, ఎన్ని మెట్లో అని మోకాళ్ళు పట్టుకుంటున్నాడు. టేపు రెండో కొస పట్టడానికి వెంట వచ్చేది అతని బావమరిది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు.

"కట్టినవాళ్ళు కూడా ఇన్ని ఆపసోపాలు పడి ఉండరు బావా."

"వాళ్ళకేం, కట్టేసి పోయారు. కొలిచేది మనం."

సాయంత్రం ఐదు దాటేసరికి ఒక్క గది మిగిలింది. సింహద్వారం పక్కన, గోడ మందంలోనే కట్టిన గది. పూర్వం కావలివాళ్ళు తమ వంతు కాపలా అయ్యాక అందులో నడుం వాల్చేవారట. కిటికీ లేదు. లోపలినుంచి గబ్బిలాల కంపు కొడుతోంది. ఆ కంపు కింద ఇంకో వాసన... చాలామంది చాలా దూరం నడిచొచ్చి ఒక్కచోట చేరినట్టు, చెమట వాసన.

టార్చి కింద జీపులో ఉండిపోయింది. తెస్తానని బావమరిది మెట్లు దిగాడు. తొందరగా ముగించుకుంటే ఇంటికి పోవచ్చు కదా అని, సర్వేయరు టేపు కొసని గడప దగ్గర రాయికింద పెట్టి, గోడ తడుముకుంటూ లోపలికి నడిచాడు.

పది అడుగులు వెళ్ళాక టేపు బిగిసింది. ఎవరో పట్టుకున్నట్టు.

"అప్పుడే వచ్చేశావా?"

"ఊఁ."

గొంతు పక్కనుంచే వచ్చింది.

"అలిసిపోయావు. కూర్చో."

నిజమే, అలిసిపోయాడు. గోడకి ఆనుకుని కూలబడ్డాడు. రాయి చల్లగా ఉంది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"కాళ్ళు చాపుకో."

చాపుకున్నాడు.

"నీ వంతు అయిపోయింది. ఇక లేవక్కర్లేదు."

ఇంత కమ్మటి మాట అతనితో ఎవరూ అని ఎన్నేళ్ళయిందో. కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు, దూరంగా, కింద జీపు దగ్గర్నుంచి కేక వినబడింది.

"బావా, టార్చి ఏ సంచిలో పెట్టావు?"

సర్వేయరు కళ్ళు తెరిచాడు. తెరిచినా చీకటే. ఎడమపక్క ఊపిరి. కుడిపక్క ఊపిరి. ఇంకా అవతల... ఇంకా అవతల కూడా. బస్సులో నిద్రపోతున్న ప్రయాణికుడు ఒరిగినట్టు, ఒక తల మెల్లగా అతని భుజమ్మీద వాలింది. బరువుగా ఉంది. వెచ్చదనం లేదు.

లేవాలి. కాళ్ళు కదలలేదు. కదలలేదా... కదపాలని లేదా? అతన్ని వణికించింది ఆ తలబరువు కాదు, ఇదే. లేవాలని లేదు.

మెట్లమీద అడుగుల చప్పుడు. బావమరిది పైకొస్తున్నాడు. నేరుగా ఇందులోకే వస్తాడు.

"రాకు... లోపలికి రాకు..."

గొంతు పెగిలాక కాళ్ళూ కదిలాయి. భుజమ్మీది తలని విదిలించుకుని, మోచేతులమీద పాక్కుంటూ గడప దాటి పడ్డాడు.

"ఏమైంది బావా? కళ్ళు తిరిగాయా?"

సర్వేయరు గదికేసి వేలు చూపించాడు. బావమరిది గడప ఇవతలే నిలబడి టార్చి వేశాడు. గది ఖాళీగా ఉంది. నేలమీద మందంగా దుమ్ము. ఆ దుమ్ములో గోడ పొడుగునా, ఒకదాని పక్కన ఒకటి, మనుషులు కూర్చున్న గుర్తులు. చాపిన కాళ్ళ మడమలు గీసిన గీతలు. అన్నీ ఇప్పుడే పడ్డట్టు తాజాగా ఉన్నాయి. వాటి మధ్య సర్వేయరు కూర్చున్న గుర్తు ఏదో పోల్చుకోవడం కష్టమైంది.

వరస చివర, గడపకి దగ్గరగా, ఒక్క మనిషికి సరిపడా చోటు మాత్రం దుమ్ము లేకుండా శుభ్రంగా తుడిచి ఉంది.

"పోదాం పద," అన్నాడు సర్వేయరు, అతని చెయ్యి పట్టుకుని.

బావమరిది కదల్లేదు. ఆ చోటుకేసే చూస్తూ, తీరిగ్గా, నోరారా ఆవులించాడు.