వాణి తనకు చెప్పుకోని మాట

పొద్దున్నే ఆళ్లగడ్డలో పాలాయన కేక వేస్తే వాణి గిన్నె పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. స్నానానికి కాచిన నీళ్ల బకెట్ వరండాలో ఉంది. పాలు పోయించుకుని తిరిగేలోపే మూడేళ్ల దివ్యశ్రీ అందులో చెయ్యి పెట్టేసింది.

అత్తను వెంటబెట్టుకుని, బిడ్డను ఎత్తుకుని నంద్యాల ఆసుపత్రికి పరుగెత్తింది వాణి. కట్టు కట్టాక డాక్టరమ్మ, ఒక్కరోజు ఇక్కడే ఉంచుదాం, పైచర్మమే కాలింది, మానిపోతుందని చెప్పింది. వాణి చెవికి అది ఎక్కలేదు.

వెంకటేష్ దుకాణం మూసి ఆసుపత్రికి వచ్చీ రాగానే భార్యను నిలదీశాడు. "బకెట్ ఆడ పెట్టి యాడికి పోయినావ్?"

"ఊరుకోరా. రోజూ ఆడనే పెడతాము," అంది తల్లి రామేశ్వరమ్మ.

"ఆయన చెప్పేది నిజమే అత్తా. నేను తల్లిగా పనికిరాను."

ఆ పూట వాణి అన్నం ముట్టలేదు. బిడ్డ చేతులు చాచినా దగ్గరికి పోవడానికి జంకి, అత్త ఒళ్లోనే వదిలేసింది.

సాయంత్రం పక్క మంచానికి కోయిలకుంట్ల నుంచి ఫెబా అనే అమ్మాయి కొడుకును తెచ్చింది. మెట్ల మీద నుంచి పడి వాడి కాలు విరిగింది.

"నేను బట్టలు ఆరేస్తాంటి అక్కా. నా వల్లనే," అని కుమిలిపోతోంది ఫెబా.

వాణి లేచి వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "కావాలని చేస్తివా? పనులన్నీ చేసుకుంటా ఎంతని చూస్తావు? వానికి ఇప్పుడు నువ్వు కావాల. ముందు టీ తాగు."

రామేశ్వరమ్మ అంతా వింది. వాణి తిరిగి రాగానే అన్నం డబ్బా ముందు పెట్టింది.

"ముక్కూ మొగం తెలీని పిల్లకు అంత బాగా చెప్తివే. నీకు నువ్వు అట్లాంటి మాట ఒక్కటన్నా చెప్పుకున్యావా?"

"నా తప్పు వేరే అత్తా."

"ఏం వేరే? ఆ పిల్లను తిట్టింటే కాలు అతుక్కుంటాదా? తప్పు తప్పే. ఇంకమీద బకెట్ లోపల పెట్టి తలుపేద్దాం. దానికని పొద్దుటి నుంచి నిన్ను నువ్వు పొడుచుకుంటాండావే, అది ఎవరికి మేలు?"

వాణికి పొద్దుటి నుంచి రాని కన్నీళ్లు అప్పుడు ఆగకుండా వచ్చాయి. వెంకటేష్ నీళ్ల గ్లాసు అందించి, "నేనూ తొందరపడి మాట్లాడినా," అన్నాడు తల దించుకుని.

అంతలో మంచం మీద దివ్యశ్రీ నిద్రలేచి "అమ్మా" అంది. రామేశ్వరమ్మ కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

వాణి కాసేపు తటపటాయించింది. తర్వాత కట్టు తగలకుండా బిడ్డను ఎత్తి భుజాన వేసుకుంది. వీపు నిమురుతూ, "ఏం కాదు, ఏం కాదులే," అంటూ మంచం పక్కనే అటూ ఇటూ నడిచింది. ఆ మాట తనకూ చెప్పుకుంటోందని కాసేపటికి గానీ ఆమెకు తెలియలేదు.