కుర్చీకి తగినవాడు

"మూడు గంటలకి ఆయన లేచి నిలబడ్డాడంటే, అదే ఆఖరిసారి నిలబడటం," అంది బాస్ మిసెస్ ప్రిథర్చ్.

టీ టెంట్ వెనక కారవాన్‌లో బ్రీఫింగ్. బయట వాన. వేల్స్‌లో ఏటా జరిగే ఐస్టెద్‌వోద్ కవితల పండుగ వారంలో వాన పడకపోతేనే అనుమానించాలి కాబట్టి ఏజెంట్ ఇద్వల్ ప్రొసర్ దాన్ని పట్టించుకోలేదు. మిగతా అన్నిటినీ అనుమానించాడు. టీ తెచ్చిన మనిషిని, ఆ టీని, ఆఖరికి బాస్ గొడుగుని కూడా. ఇన్నేళ్ల సర్వీసులో అతను బతికి బట్టకట్టింది ఆ గుణం వల్లే.

"మైరిగ్ గారు మన కాపలా ఎలా తప్పించుకున్నారు మేడమ్?"

"బాత్రూం కిటికీ దూకి. ఆ వయసులో! గడ్డం గీశాడో, మీసం అంటించాడో ఎవడికి తెలుసు? కాన్వాసు హాల్లో వేలమంది జనం. ఎక్కడని వెతుకుతావు?"

మైరిగ్ ఒకప్పుడు శత్రుదేశపు గూఢచారి ముఠాకి తప్పుడు సందేశాలు పంపి, దాని నడ్డి విరిచాడు. ఆ సందేశాల కోడ్‌వర్డ్‌లన్నీ పాత వెల్ష్ పద్యాల్లోని ఆర్థర్ రాజువే. ముఠాకి ఆయన పేరు తెలియదు, ముఖం తెలియదు. ఆ ఆర్థర్ పిచ్చి ఒక్కటే తెలుసు. డిపార్ట్‌మెంట్ ఆయనకి కొత్త పేరు పెట్టి, బాలా ఊళ్లో రంగుల దుకాణం పెట్టించి దాచింది. దాక్కున్నవాడు దాక్కున్నట్టు ఉండొచ్చు కదా! గెలిచిన కవిని కుర్చీలో కూర్చోబెట్టి ఆ కుర్చీనే బహుమతిగా ఇచ్చే పోటీకి పద్యం పంపాడు. దేనిమీద? ఆర్థర్ మీద! ఈ నేలమీద పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చేయని తప్పు.

పోటీకి అందరూ మారుపేర్లతోనే పంపుతారు. గెలిచినవాడికి ముందే గుట్టుగా కబురు వెళుతుంది. వేదిక మీద బూర ఊది మారుపేరు పిలవగానే అతను జనంలోంచి లేవాలి, స్పాట్‌లైట్ అతని మీద పడాలి. గురిపెట్టి కూర్చున్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

"పండుగ ఆపేద్దామా?"

"హంతకుడు వచ్చాడని ఇంకో దారిన కబురు అందింది; ఆపితే వాడు జారుకుని రేపు ఇంకోచోట చంపుతాడు. గెలిచింది మైరిగ్ అని ముఠాకి తెలియదని మాత్రం మీ లినెద్ రిపోర్టు. ఆ అమ్మాయికి పూచీ ఎవరు?"

"నేనే," అన్నాడు ఇద్వల్. అతను జీవితంలో పూచీపడింది ఆమె ఒక్కదానికే.

లినెద్ ఎర్ర రెయిన్‌కోటులో టీ టెంట్‌లోకి వస్తే తలలన్నీ అటు తిరిగాయి. దక్షిణ అమెరికాలో, పటగోనియాలో స్థిరపడ్డ వెల్ష్ కుటుంబాల పిల్ల. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్.

"వాన తగ్గిందా?" అంది.

"మొదలైతే కదా," అన్నాడు ఇద్వల్. కోడ్ కుదిరింది.

"ఆ ఏడుపు ముఖం దేనికి? ముఠా మనిషి ఇవాళ రావట్లేదు. నా మాట కూడా నమ్మవా?"

"నేను మా అమ్మనే నమ్మను."

"పాపం ఆవిడ! అయినా మీ ముసలాయన గట్టివాడే. లోకమంతా ఆర్థర్‌ని సింహాసనం మీద కూర్చోబెడితే, ఈయన పాత కవుల లాగా బురద కాళ్లతో గేటు బయట నిలబెట్టాడు. ఒక్కొక్కడి పేరూ చెప్పి తన మనుషులకి పూచీపడితే గానీ ఆ మహారాజుని లోపలికి రానివ్వరు!"

ఇద్వల్ నవ్వాడు. లోపల మాత్రం లెక్క వేసుకున్నాడు. ఆ పద్యం న్యాయనిర్ణేతలు తప్ప ఎవరూ చూడలేదు. గేటు బయటి ఆర్థర్ అని వింటే చాలు, అది ఎవరి పద్యమో ముఠా ఇట్టే పట్టేస్తుంది. లినెద్‌కి ఆ సంగతి తెలిసీ రిపోర్టులో రాయలేదు. ఇప్పుడే పట్టుకుంటే హంతకుడెవరో తెలియదు. టీ తాగేసి లేచాడు.

వేదిక వెనక న్యాయనిర్ణేత గెథిన్ మాస్టారు తీర్పు చదవడానికి తయారవుతున్నారు. పైన తెల్లటి అంగీ, కింద రబ్బరు బూట్లు. పద్యం సంగతి ఆ అమ్మాయికి మీరే చెప్పారా అని అడిగాడు ఇద్వల్.

"ఎర్రకోటు అమ్మాయా? అంత దూరం నుంచి వచ్చింది కదా అని పద్యం గురించి రెండు ముక్కలు చెప్పాను. ఏం, తప్పా?"

"ప్రాణం పోయేంత తప్పు మాస్టారూ. ఈ ఏడు కుర్చీకి తగినవారు లేరని చెప్పేయండి."

అలా ప్రకటించడం కొత్తేమీ కాదు. నాసిరకం పద్యాలొచ్చిన ఏడు కుర్చీ ఖాళీగానే ఉండిపోతుంది.

"సరే," అన్నారు మాస్టారు.

ఇద్వల్ గేటు కాపలావాళ్ల పట్టీ చేతికి కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. మాస్టారు చాలాసేపు ఉపన్యాసం దంచి, గొంతు సవరించుకున్నారు.

"ఈ ఏడు కుర్చీకి తగినవారు ఎవరూ లేరు."

హాలంతా ఉసూరుమంది. ఇక ఎవరూ లేవరని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. భుజాలు జారాయి, ఫ్లాస్కుల మూతలు తెరుచుకున్నాయి.

"మా ఊళ్లో పండుగ పెడితే ఇంతే!" అని ఒకావిడ నెత్తి కొట్టుకుంది.

స్తంభం పక్కన ఒక ఫొటోగ్రాఫర్ మాత్రం కెమెరా దించలేదు. లేచేవాడి కోసం జనం మీద ఇంకా గురి తిప్పుతూనే ఉన్నాడు. లినెద్ అతనికేసి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఇద్వల్ అటు దూకాడు. సరిగ్గా అప్పుడే హాలు మధ్యలోంచి ఒక బట్టతల మనిషి లేచి నిలబడ్డాడు.

"అన్యాయం! మళ్లీ చదవండి!"

మైరిగ్! కెమెరా గిర్రున ఆయన వైపు తిరిగింది. ఇద్వల్ కెమెరా పట్టుకున్న చేతిని కింద నుంచి ఎగదోశాడు. కెమెరాలో దాచిన తుపాకీ టప్‌మంది. గుండు కాన్వాసు కప్పులోంచి పోయింది, ఆ చిల్లులోంచి వాన ఫొటోగ్రాఫర్ నెత్తిన కారింది.

తలుపు దగ్గర లినెద్ చేతులకి బేడీలు పడ్డాయి.

"ఎప్పుడు తెలిసింది?"

"టీ తాగుతుంటే."

"నన్ను నమ్మావనుకున్నాను."

"నమ్మాను. అదే నా బాధ," అన్నాడు ఇద్వల్.

కారులో మైరిగ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. 

"రెండేళ్లు రాశానయ్యా దాన్ని. బుల్లెట్ తగిలినా ఇంత నొప్పి ఉండేది కాదు."

"ప్రాణం దక్కింది కదండీ! మీ పాత పద్యాల్లో ఆర్థర్ సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు. అందుకేగా ఆయన ఇంకా బతికున్నాడంటారు. మీరూ అంతే అనుకోండి."

"ఆయనకి పద్యాలన్నా దక్కాయి. ఒక్క మాట నిజం చెప్పు. ఆ మాస్టారు అబద్ధమే ఆడాడా?"

"నేనే కదా ఆడించింది!"

"కబురు పంపినవాళ్లే మాట మార్చాలంటే ఎంత ఇబ్బంది! బతిమాలాల్సి వచ్చిందా?"

ఇద్వల్‌కి మాస్టారు వెంటనే అన్న 'సరే' గుర్తొచ్చింది. జీవితమంతా అందరినీ అనుమానించినవాడికి ఆ ఒక్క అనుమానమే అప్పటిదాకా రాలేదు. మాస్టారు అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నట్టు?