నీళ్ళు తాగిన పలక

“ఏమండీ! తలుపు తియ్యండి! మళ్ళీ వాంతయింది కదూ... నాకు వినబడిందండీ!”

బాత్రూము తలుపు మీద దేవకుమారి దబదబా బాదుతోంది. లోపల కుళాయి చప్పుడు! కాసేపటికి రత్నకుమార్ బయటికొచ్చాడు. తడిసిన ముఖం, ఎర్రబడ్డ కళ్ళు... నుదుటి నడుమ కందిపోయిన ఆ బొడిపె!

“నిన్న తిన్న చేప పడలేదులే” అన్నాడు తువ్వాలు అందుకుంటూ.

“నెపం చేప మీద పెట్టకండి! డాక్టరు ఏం చెప్పాడు? తలకి ఇంకొక్క దెబ్బ తగిలితే లోపల నెత్తురు గడ్డ కట్టొచ్చు అన్నాడా లేదా? ఇవాళ ఆ ప్రదర్శన మానెయ్యండి... మీ కాళ్ళు పట్టుకుంటానండీ!”

“మెల్లగా మాట్లాడు దేవీ, పక్క గదిలో అమ్మాయి వింటుంది. ఊరంతటికీ చెప్పేశాను. ఇప్పుడు మానేస్తే ఈ తల ఎక్కడ పెట్టుకోను?”

“నా ఒడిలో పెట్టుకోండి! అంతేగానీ రాయికేసి కొట్టుకోకండి!” అని బావురుమంది దేవకుమారి.

అతను విన్నాడా? వింటే మగాడెలా అవుతాడు! దోహాలో శుక్రవారమే సెలవు కదా, ప్రార్థన కూటానికి వెళ్ళొచ్చి, తెల్లటి కరాటే బట్టలు సంచిలో పెట్టుకుని, తొందరగా హాలుకు వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే ఈ పిచ్చికి మొదట చప్పట్లు కొట్టింది దేవకుమారే. నరసాపురంలో పెళ్ళైన కొత్తలో అతను పెంకుల దొంతరను అరచేత్తో విరగ్గొడితే, “మా ఆయనే!” అని పక్కింటావిడకు చూపించి మురిసిపోయింది. దోహా వచ్చాక పగలు ఏసీ కంపెనీలో స్టోర్ కీపరుగా డ్యూటీ, సాయంత్రాలు అల్ సద్‌లో తాముండే బిల్డింగు మేడ మీద పిల్లలకు కరాటే. ఏటా తెలుగువాళ్ళ వేడుకలో అతని ప్రదర్శన ఉండాల్సిందే! అరచెయ్యి పోయి మోచెయ్యి వచ్చింది, మోచెయ్యి పోయి నుదురు వచ్చింది. జనానికి కొత్తది కావాలి మరి!

అందులో ఒక గుట్టు ఉంది. అది భార్యాభర్తలకూ, పలకలు పోసిచ్చే మేస్త్రీ కోశీకీ తప్ప ఎవరికీ తెలియదు. ప్రదర్శనకు వాడే సిమెంటు పలకల్లో ఇసకే ఎక్కువ, సిమెంటు పేరుకే. నీళ్ళు పెట్టకుండా ఎండలో పడేస్తే పెళుసుగా తయారవుతాయి. దెబ్బ సరిగ్గా పడితే రెండు ముక్కలు! అయినా దెబ్బ దెబ్బే కదా. అలాంటి దెబ్బలే ఒకటొకటిగా పోగై, అతనికి ఈ తలనొప్పులూ వాంతులూ తెచ్చిపెట్టాయి. కిందటేడు వేడుకలో ఎవరో “అవి బిస్కెట్ పలకలండీ!” అని వెక్కిరించారు. “వచ్చే ఏడు ఇంతకు రెట్టింపు మందం పలకను నుదుటితో పగలగొడతా, చూడండి!” అని మైకులోనే శపథం చేసేశాడు రత్నకుమార్. గొప్పలకు పోతే తిప్పలని ఊరికే అన్నారా!

సాయంత్రం హాలు కిటకిటలాడిపోతోంది. దేవకుమారి వెనక గదిలో ఆడవాళ్ళతో కలిసి పులిహోర పొట్లాలు కడుతోంది. అప్పుడే గోనెపట్టాలో చుట్టిన బరువేదో మరో ఇద్దరితో కలిసి మోసుకుంటూ వచ్చాడు జలంధర్. దోహా పక్కన అల్ వక్రాలో కట్టుబడి పని, ఊరు నిజామాబాద్ దగ్గర. మేడ మీద కరాటే నేర్చుకునే శిష్యుడు. రత్నకుమార్ అన్నంటే ప్రాణం ఇస్తాడు!

“వదినా, గిదిగో అన్న పలక! కోశీ సెలవు మీద ఇంటికి పోయిండు గద, గందుకే ఈసారి నేనే పోసిన” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

దేవకుమారి తలెత్తి చూసింది. “ఎలా పోశావు తమ్ముడూ?”

“మంచిగ పోసిన! సిమెంటు కడుపునిండ ఏసిన. పొద్దుగాల, మాపటికి నీళ్లు గొట్టి తడిగోనె కప్పిన. మా ఫోర్‌మన్ సూసి ‘బహుత్ పక్కా’ అన్నడు. అన్నకిచ్చేది కచ్చగిస్తనా వదినా?”

పొట్లం చేతిలోంచి జారిపోయింది! “నీళ్ళు పెట్టావా... అన్నయ్య నీకేమీ చెప్పలేదా?”

“కొల్త ఇచ్చిండు, గంతే.”

అవును, చెప్పలేదు! ఎలా చెబుతాడు? గురువు విరగ్గొట్టేవి పెళుసు పలకలని శిష్యుడితో ఏ నోటితో చెబుతాడు! ఆ సిగ్గుకీ, ఈ ప్రేమకీ మధ్య ఇప్పుడు నిండు ప్రాణం పోబోతోంది... దేవకుమారి ఆపమని నోరు తెరిచేలోపే పలకను స్టేజీ మీదికి మోసుకుపోయారు. డప్పు మోగింది. తెర లేచింది.

ఆమె పరుగెత్తింది. చెంగు కుర్చీకి తగులుకుంటే లాక్కుని మరీ పరుగెత్తింది! స్టేజీ మీద పలకను రెండు దిమ్మెల మీద అడ్డంగా పెట్టారు. రత్నకుమార్ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ముందు వరసలో కూతురు జాయ్స్ చూస్తోంది. అతను గట్టిగా శ్వాస పీల్చి తల పైకెత్తాడు...

దేవకుమారి స్టేజీ ఎక్కి, మోకరిల్లి, రెండు అరచేతులూ పలక మీద పరిచేసింది!

“కొట్టండి! ముందు నా చేతులు చితక్కొట్టి, తర్వాత మీ తల పగలగొట్టుకోండి!”

అతను కోపంతో “పిచ్చెక్కిందా నీకు? లే!” అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. “జలంధర్ సిమెంటు ఎక్కువేశాడండీ... రెండు పూటలా నీళ్ళు పెట్టాడండీ...”

రత్నకుమార్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. పలకను వేళ్ళతో తట్టి చూశాడు. ఖంగుమంది.

అప్పుడు దేవకుమారి చేసిన పని ఇంకెవరూ చేయలేరు! లేచి నిలబడి జనం వైపు తిరిగి చేతులు జోడించింది. “మా ఆయన తప్పేం లేదండీ. ఆయన పగలగొట్టగలరు. నేనే... నేనే పిరికిదాన్ని. చూడలేక ఆపేశాను. ఏమన్నా అనాలనుకుంటే నన్ను అనండి!”

జనం గొల్లుమన్నారు. “మాస్టారు పెళ్ళానికి భయపడ్డాడ్రోయ్!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఈలలు వేశారు. జాయ్స్ ముఖం చేతుల్లో దాచుకుంది. దేవకుమారి తల వంచుకుని ఆ నవ్వులన్నీ భరించింది. ఆయన బతికుంటే చాలు, బతికుంటే బలుసాకు తినైనా బతకొచ్చు!

“ఆగండి!” రత్నకుమార్ మైకు అందుకున్నాడు. “ఆవిడ పిరికిది కాదండీ. నా పరువు కాపాడటానికి అబద్ధం చెబుతోంది. ఇన్నేళ్ళూ నేను పగలగొట్టినవి పెళుసు పలకలే. దానికే నా తల పాడైంది. ఇది అసలైన పలక. దీనికేసి తల కొడితే ఈపాటికి నేను చచ్చిపోయుండేవాణ్ణి!”

ఒక్కసారిగా నవ్వులు ఆగిపోయాయి. జలంధర్ స్టేజీ ఎక్కాడు. స్టేజీ మూలనున్న సమ్మెట తీసుకుని పలక మీద బలమంతా పెట్టి కొట్టాడు. నిప్పురవ్వ లేచింది. అంచున చిన్న పెచ్చు ఊడింది, అంతే! సమ్మెట పడేసి అతను రత్నకుమార్ కాళ్ళ మీద కూలబడ్డాడు.

“నా చేతులతోని నేనే నిన్ను సంపుకుంటుంటి గదన్నా! ఒక్క మాట సెప్పకపోతివి...”

“చెప్పాల్సింది నేనురా. నీ పనిలో తప్పు లేదు” అంటూ అతన్ని లేపి కౌగిలించుకున్నాడు రత్నకుమార్. తర్వాత నడుముకున్న నల్ల బెల్టు విప్పి, మడిచి, భార్య చేతిలో పెట్టాడు. “ఇది నీ దగ్గరుంచు దేవీ. పిల్లలకు దెబ్బ కాచుకోవడం నేర్పుతాను. పగలగొట్టడం ఇంక నేర్పను.”

ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళొత్తుకుంటూ చప్పట్లు మొదలుపెట్టింది. ఈలలేసినవాళ్ళే లేచి నిలబడ్డారు.

బయటికొచ్చాక జలంధర్ ముక్కు చీదుకుంటూ, “ఈ పలకనేం జెయ్యాలె వదినా?” అని అడిగాడు.

“మా ఇంటికి తెచ్చెయ్యి తమ్ముడూ. బట్టలుతుక్కుంటాను” అంది దేవకుమారి. ఏడుస్తూనే అందరూ నవ్వేశారు.

ఇంటికెళ్ళే టాక్సీలో వెనక సీటులో జాయ్స్ ఒక పక్క, దేవకుమారి మధ్యలో. కాసేపటికి రత్నకుమార్ మెల్లగా ఒరిగి భార్య ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

“నొప్పిగా ఉంది దేవీ” అన్నాడు. ఏడాదిలో మొదటిసారి ఆమెతో నొప్పి సంగతి నిజం చెప్పాడు!

ఆమె వేళ్ళు ఆ బొడిపెను వెతుక్కున్నాయి. “రేపే డాక్టరు దగ్గరికి వెళదామండీ” అంది. అతను కాదనలేదు.