వెయ్యి కిలోమీటర్ల దాకా

దేవేంద్రప్పకు ఇంట్లో మనుషుల మీద లేని గారమంతా ఇంజన్ మీదే. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నాగజ్యోతికి ఒక్కపూట కాఫీ కలిపి ఇవ్వని మనిషి, నెల కిందట కొన్న కారుకు మాత్రం పొద్దున్నే స్నానం చేయించి, వేడెక్కాలని అరగంట ఆన్ చేసి ఉంచుతాడు. ఆ పొగ వంటింట్లోకొచ్చి ఉప్మాలో కలుస్తుంది.

అసలు కారు కొన్నది కూతురు సాహితి కోసం. పత్తికొండ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. లైసెన్సు ఉంది, నిదానంగా నడుపుతుంది. తాళం మాత్రం చేతికి రాలేదు.

"కొత్త ఇంజన్ మా. వెయ్యి కిలోమీటర్లు ఒకే చెయ్యి మింద నడవాల. అరవై దాటగూడదు. చెయ్యి మారితే బండి మొండికేస్తాది."

సాహితి టిఫిన్ డబ్బా సర్దుకుని కర్నూలు బస్టాండుకు పోయేది. బస్సు ఆలస్యమై ఇప్పటికి రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే ఉద్యోగమే ఉండదన్నారు.

ఆదివారం సాయంత్రం నాగజ్యోతి మార్కెట్ నుంచి వచ్చేసరికి వాకిట్లో కారు లేదు.

"కారు యాడ?"

"భూపేష్ అడిగినాడు. స్నేహితుల్తో గండికోట పోయినాడు," అన్నాడు దేవేంద్రప్ప పేపరు దించకుండా. భూపేష్ ఆయన అక్క కొడుకు.

ఆమె సంచి కింద పెట్టింది. "మీటరు ఆరొందలు కూడా దాటలేదే. ఆ చెయ్యి చెయ్యి కాదా?"

"వాడు మొగపిల్లోడు. బండ్లు తెలుసు."

అంతలో భూపేష్ వచ్చి తాళం తిప్పుతూ నిలబడ్డాడు. "శానా బాగుండాది మామా. నూట ఇరవై కొట్టినా వణకలేదు."

దేవేంద్రప్ప ముఖం పాలిపోయింది. నాగజ్యోతి కారులో కంపెనీవాళ్లు పెట్టిన పుస్తకం తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదివింది. "మొదటి వెయ్యి కిలోమీటర్లు వేగంగా నడపొద్దంట. ఊరికే ఆన్ చేసి ఎక్కువసేపు నిలబెట్టొద్దంట. చెయ్యి మారొద్దని యాడా లేదు. ఆడచెయ్యి పడొద్దని అసలే లేదు. కావాలంటే మీరే ఎతుక్కోండి."

"అత్తా, నేను పోయొస్తా," అన్నాడు భూపేష్.

"నువ్వు కూర్చో నాయనా. నీ ముందరే తేలాల."

గుమ్మంలో సాహితి నిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

"నాన్నా, రేపు బస్సు లేటైతే నన్ను తీసేస్తారు. నెలనుంచీ నీకు తెలుసు. ఇంజన్ పాడైతాదని అంత భయపడితివే, నా గురించి ఒక్కసారన్నా భయపడితివా?"

దేవేంద్రప్ప పేపరు పక్కన పెట్టి లేచాడు. మేనల్లుడి చేతిలోంచి తాళం తీసుకుని కూతురి చేతిలో పెట్టి, ఏదో గొణిగాడు.

"వినపడలా," అంది నాగజ్యోతి. "భూపేష్‌కు కూడా వినపడాల."

"ఇంజన్‌ది సాకు మా," అన్నాడాయన, ఈసారి గట్టిగానే. "ఆడపిల్లవు, నీకు చాతకాదనుకుంటి. తప్పు నాదే."