గొంతు తాళం

ఇంటర్వ్యూ చేయవలసిన మనిషి లిఫ్ట్ గుంటలో శవమై దొరికాడు.

"కాలు జారిందని పేపర్లో వేయించాం," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్ తలుపు గడియ వేస్తూ. "జారలేదు. తోశారు."

ఏజెంట్ పదిహేడు ఆ గడియ వైపు చూశాడు. చీఫ్ స్వయంగా గడియ వేశాడంటే ఎవరికో మూడిందని అతని అనుభవం. ఆ ఎవరో సాధారణంగా తనే.

"చచ్చినవాడు ఆర్కైవ్స్ మనిషి. పెద్దవాళ్ల జ్ఞాపకాలు వాళ్ల నోటితోనే చెప్పించి రికార్డు చేసేవాడు. రిటైరైన ఒక సైంటిస్టుని కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. ఆయన పాత ల్యాబ్‌లో మూడో గది అని ఒకటుంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి మూసే ఉంది. అందులో ఉన్న సీసాలు బయటికొస్తే ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోతాయి."

"తాళం?"

"గొంతు తాళం. ఆయన తన గొంతుతో ఒక వాక్యం మొదటినుంచి చివరిదాకా చెప్తేనే తెరుచుకుంటుంది. రికార్డు చేసి వినిపించినా చాలు. ఆ వాక్యం ఏమిటో మనకీ తెలీదు. విదేశీ ముఠాకి అదే కావాలి."

"ఇంటర్వ్యూ రద్దు చేస్తే పోలేదా?"

"ముఠా ఇంకో దారి వెతుక్కుంటుంది. జరగనిద్దాం, వచ్చినవాణ్ణి పట్టుకుందాం. పోయినవాడి బదులు మన ఏజెంట్ కోయిల వెళ్తుంది. నువ్వు సౌండ్ రికార్డిస్టువి. వాక్యం వచ్చే ముందు మెషిన్ ఆపెయ్. ఏమాత్రం తేడా కొట్టినా ఇది నొక్కు." బల్ల మీద ఒక పెన్ను పెట్టాడు. "గ్యాస్. ఆయన నిద్రపోతాడు."

"మళ్లీ లేస్తాడా?"

"గుండె బలహీనం," అని చీఫ్ కిటికీ వైపు చూశాడు. ఆయన కిటికీ వైపు చూస్తే అదే జవాబు.

ఆర్కైవ్స్ బేస్‌మెంట్‌లో పదిహేడుకి ట్రైనింగ్ ఇచ్చిన రికార్డిస్టు మహా చాదస్తుడు. మైక్ ఎంత దూరంలో పెట్టాలో, ఫ్రిజ్ ఎందుకు ఆపాలో చెప్పి, చివర్లో వేలు చూపించాడు. "మాట్లాడేవాళ్లకి ఊ కొట్టావంటే చంపేస్తాను. నీ ఊ వాళ్ల మాట మీద పడిందా, ఇక ఆ టేపు చెత్తబుట్టకే. ఆ రెండు గొంతుల్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. తల ఊపు, చాలు."

మర్నాడు మధ్యాహ్నం అతికించిన మీసం దురద పెడుతుండగా పదిహేడు సైంటిస్టు ఫ్లాట్‌లో వైర్లు పరిచాడు. కోయిల అప్పటికే సోఫాలో ఉంది. డిపార్ట్‌మెంట్ మొత్తం మీద ఆమె అందానికి పడిపోనివాడు చీఫ్ ఒక్కడే, అదీ ఆయనకి చూపు సరిగ్గా ఆనదు కాబట్టి. నీలం రాళ్ల జూకాలు, వెన్నలాంటి గొంతు. ఫోన్లోనే ముసలాయన్ని కరిగించేసింది.

సైంటిస్టు నెమ్మదిగా వచ్చి కూర్చున్నాడు. ఆయన పక్కన ఖాళీ కుర్చీ ఒకటుంది. పదిహేడు దాని మీద బ్యాగ్ పెట్టబోతే, "వద్దు బాబూ," అన్నాడు. అంతే అన్నాడుగానీ ఆ స్వరానికి పదిహేడు చేతిలో బ్యాగ్ బరువెక్కింది.

"మేం ఊ కొట్టం సార్, తల ఊపుతాం. ఏమీ అనుకోకండి," అంది కోయిల.

ముసలాయన ముఖం వాడిపోయింది. "ఊ కొట్టేవాళ్లు లేకుండా ఎలా చెప్పమంటావమ్మా?" కాసేపు చేతులు చూసుకున్నాడు. "సరే. మధ్యలో మాత్రం ఆపకండి. ఆగితే ఇంక ఈ జన్మలో చెప్పలేను."

పదిహేడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెషిన్ ఆన్ చేశాడు. ముసలాయన ఊపిరి సరిగ్గా చెవిలో వినిపించింది.

"నా అసిస్టెంటు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. పిల్లలిద్దర్నీ స్కూల్లో దింపి రావాలి పాపం. నేను రోజూ అక్షింతలు వేసేవాణ్ణి. ఆ రోజు మూడో గదిలో సీసా పగిలింది. వాడు లోపల, నేను బయట. తలుపు మూస్తే వాడు పోతాడు. మూయకపోతే ఊరు పోతుంది. మూశాను."

కోయిల తల ఊపింది.

"ఇంటర్‌కమ్‌లో వాడి గొంతు వచ్చింది. తిట్టలేదమ్మా. 'సార్, భయమేస్తోంది, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి' అన్నాడు. నాకేం మాటలొస్తాయి? నోటికొచ్చిందల్లా చెప్పాను. నా స్కూటర్ సంగతి, మా ఆవిడ మీద చాడీలు. వాడు అక్కణ్ణుంచి ఊఁ, ఊఁ అంటున్నాడు. చివరికి ఒక మాట అన్నాను. దానికి ఊ రాలేదు."

జేబులో ఆ పెన్ను పెట్టుకుని ఇది వింటున్నందుకు పదిహేడుకి సిగ్గేసింది.

"ఆ మాటే తలుపుకి తాళం చేశాను. రోజూ ఈ కుర్చీకి చెప్తాను. ఊ రాదు. మనిషికి చెప్పాలనుంది. ఆ తాళం ఎప్పుడో తీసేశారని నువ్వు ఫోన్లో చెప్పావు కదమ్మా, అందుకే ఒప్పుకున్నాను."

పదిహేడు తలెత్తి కోయిల వైపు చూశాడు. తాళం తీయలేదు. ఆ సంగతి కోయిలకి తెలుసు.

కోయిల చెయ్యి కుడి జూకా మీదికి వెళ్లింది. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా బరబర మొదలైంది. ట్రాన్స్‌మిటర్! తన మెషిన్ ఆపి లాభం లేదు. వీధిలో ఏ కారులోనో మరో మెషిన్ తిరుగుతోంది.

ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. పదిహేడు వేలు పెన్ను మీద పడింది. నొక్కితే ఊరు బతుకుతుంది. ఈయన మాత్రం ఆ మాట గొంతులోనే పెట్టుకుని పోతాడు.

నొక్కలేదు.

"రేపు..." అన్నాడు సైంటిస్టు.

"ఊఁ!" అని గట్టిగా అరిచాడు పదిహేడు, ఆ మాట మీదే, జూకా వైపు వంగి.

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. కానీ ఆగలేదు. ఆయన కళ్లలో ఏదో వెలిగింది.

"ఆలస్యంగా..."

"ఊఁ!"

"వచ్చినా..."

"ఊ..."

కోయిల పులిలా దూకింది. ఒక అరచెయ్యి అతని నోటి మీద, రెండోది గొంతు మీద. మీసం ఊడి ఆమె వేళ్లకి అంటుకుంది. ఇద్దరూ వైర్ల మీద పడ్డారు.

"ఏమీ అనను," అని ముగించాడు ముసలాయన.

పదిహేడు ఆమె మణికట్టు మెలితిప్పి బేడీలు వేసేసరికి కింద వీధిలో కాపు కాసిన డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆ కారు డోర్లు బద్దలు కొడుతున్నారు. సగం వాక్యం పదిహేడు అరుపుల కింద నలిగిపోయింది. ముఠాకి దక్కిన టేపు దేనికీ పనికిరాదు. ముసలాయన ఇదేదీ పట్టించుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చిన్నగా గురకపెడుతూ, హాయిగా నిద్రపోతున్నాడు.

సాయంత్రం చీఫ్ టేపు పెట్టి విన్నాడు. "మెషిన్ ఆపమన్నానా?"

"చేతులు ఖాళీ లేవు సర్."

చీఫ్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. రేపు, ఊఁ. ఆలస్యంగా, ఊఁ. వచ్చినా, ఊ... పెనుగులాట. ఏమీ అనను.

తర్వాత, మైక్‌కి కొంచెం దూరంగా, చాలా స్పష్టంగా, మరో ఊఁ.

"అప్పటికి నీ నోరు ఆవిడ మూసేసింది కదా?"

"అవును సర్."

"ఆవిడ గొంతు కాదిది. ఆయనదీ కాదు. మరెవరిది?"

పదిహేడు టోపీ తీసుకుని లేచాడు.

"ఆలస్యంగా వచ్చాడు సర్. ఏమీ అనకండి."